తరగతి గదిలో కుంగుబాటు, బైపోలార్: బడి చేతిలో ఉన్నది ఏమిటి?

ప్రోగ్రెస్ కార్డులో వ్యాఖ్యలు రాసే గడి చిన్నది. అందులో తరచుగా కనిపించేవి నాలుగైదు మాటలే: శ్రద్ధ తగ్గింది, హోంవర్కు చేయడం లేదు, తరగతిలో నిద్రపోతోంది, ఏమైనా చెబితే విసుక్కుంటోంది. రాసిన ఉపాధ్యాయురాలు కళ్లతో చూసిందే రాశారు. అవే మాటలు ఒక మానసిక వైద్యుడి ముందు పెడితే ఆయన మొదట ‘ఎప్పటి నుంచి?’ అని అడుగుతారు. ఏకాగ్రత కుదరకపోవడం, పని మొదలుపెట్టలేకపోవడం, నిద్ర తారుమారు కావడం, ఊరికే చిరాకు పడటం... ఇవి టీనేజీ పిల్లల్లో కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, గుర్తులు కూడా. ఒకే ప్రవర్తనను బడి నిర్లక్ష్యం అంటుంది, వైద్యం లక్షణం అంటుంది. ఈ రెండు పేర్ల మధ్య నలిగి కొందరు పిల్లలు ఏడాదో రెండేళ్లో పోగొట్టుకుంటున్నారు.

అలాంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరు కాదు. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ రుగ్మతలు ఏ వయసులో మొదలవుతాయో తెలుసుకోవడానికి 192 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2021లో వెలువడింది. బాధితుల్లో దాదాపు సగం మందికి 18 ఏళ్లు నిండేలోపే జబ్బు మొదలైనట్టు అందులో తేలింది. కాబట్టి ఈ జబ్బులను అందరికన్నా ముందు చూసేది చాలాసార్లు డాక్టరు కాదు, తరగతి ఉపాధ్యాయుడే. చూస్తున్నది జబ్బు అని ఆయనకు తెలియకపోవచ్చు, అంతే.

బడి వైద్యం చేయలేదు, చేయకూడదు కూడా. అయితే ఈ జబ్బులు పిల్లలకు చేసే నష్టంలో చాలా భాగం నేరుగా జబ్బు చేసింది కాదు. జబ్బుపడిన రోజుల్లో పేరుకుపోయిన బాకీ చేసింది. రాయని హోంవర్కులు, తప్పిన పరీక్షలు, చాలని హాజరు, తెగిపోయిన స్నేహాలు, పదిమంది ముందు పోయిన పరువు. మందులతో, చికిత్సతో మనసు తేరుకున్నాక ఆ పిల్లవాడు తల ఎత్తి చూస్తే ఎదురుగా ఈ బాకీల కొండ ఉంటుంది. మళ్లీ కుంగిపోవడానికి అది చాలు. ఆ కొండ పెరగకుండా చూడటం మాత్రం పూర్తిగా బడి చేతిలో ఉంది.

ఖాళీ కాగితం ముందు

కుంగుబాటును నిర్ధారించడానికి వైద్యులు వాడే కొలమానం ఇది: తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ ఐదింటిలో ఒకటి దిగులు గానీ, ఇష్టమైన వాటి మీద ఆసక్తి చచ్చిపోవడం గానీ అయి ఉండాలి. పిల్లలకు, టీనేజీవారికి ఇందులో ఒక సవరణ ఉంది. దిగులుకు బదులు చిరాకు ఉన్నా అది లెక్కలోకి వస్తుంది. ఈ చిన్న సవరణ తెలియకపోవడం వల్ల ఎంత అన్యాయం జరుగుతోందో చెప్పలేను. మూలన కూర్చుని ఏడ్చే పిల్లను చూసి అందరూ జాలిపడతారు. పుస్తకం విసిరికొట్టిన పిల్లవాడిని మాత్రం ప్రధానోపాధ్యాయుడి గదికి పంపుతారు. ఇద్దరిదీ ఒకే జబ్బు కావచ్చు.

ఈ జబ్బు చదువును ఎక్కడ పట్టుకుంటుందో చూద్దాం. దిగులు వల్ల చదవాలనిపించదు అనుకుంటాం గానీ, అది సగం సంగతే. కుంగుబాటులో ఆలోచన వేగమే తగ్గుతుంది. చదివిన వాక్యం మొదలు గుర్తుపెట్టుకుని చివరిదాకా వెళ్లే పని బరువవుతుంది. ఒకే పేరాను నాలుగుసార్లు చదివినా తలకెక్కదు. చిన్న చిన్న నిర్ణయాలు కూడా గోడల్లా నిలబడతాయి. ‘ఈ ఐదు ప్రశ్నల్లో ఏవైనా మూడు రాయండి’ అంటే మిగతా పిల్లలకు అది వెసులుబాటు. కుంగిన పిల్లకు అది ఆరో ప్రశ్న. ఏ మూడు ఎంచుకోవాలో తేల్చుకోలేక ఇరవై నిమిషాలు గడిచిపోతాయి.

అన్నిటికన్నా కష్టమైనది మొదలుపెట్టడం. వ్యాసం రాయమంటే కాగితం మీద తేదీ, పేరు రాసి ఆగిపోతుంది. చూసేవారికి అది మొండితనంలా ఉంటుంది. లోపల మాత్రం ‘రాసినా తప్పే అవుతుంది, ఇంతకుముందూ తప్పే రాశాను’ అనే మాట తిరుగుతూ ఉంటుంది. కుంగిన మనసు జ్ఞాపకాల్లోంచి ఓటములనే ఏరుకుని ముందుకు తెస్తుంది. నిరుడు అదే సబ్జెక్టులో మంచి మార్కులు తెచ్చుకున్నావు కదా అంటే ఆ పిల్లకు అది ఎవరిదో కథలా వినిపిస్తుంది.

మరి సోమరితనానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? చదువు నచ్చని పిల్లవాడు చదువు వదిలి ఇష్టమైన చోటికి వెళతాడు. కుంగిన పిల్లవాడు ఆ ఇష్టమైనదాన్ని కూడా వదిలేస్తాడు. ఏడాది పాటు మైదానం వదలని వాడు బంతి ముట్టుకోవడం మానేస్తే హోంవర్కు మానేసిన దానికన్నా దాన్నే ఎక్కువగా పట్టించుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్నేహితుల మధ్య అరగంట నవ్వినంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. టీనేజీవారి కుంగుబాటులో మంచి సంఘటన ఎదురైతే మనసు కాసేపు తేలికపడటం మామూలే. ‘మధ్యాహ్నం నవ్వుతూనే ఉందిగా, గణితం తరగతి అనేసరికి దిగులొచ్చిందా?’ అనే మాట ఎంతమంది పిల్లల నోరు మూయించిందో.

బైపోలార్ అంటే మూడ్ మారడం కాదు

ఉదయం నవ్వి సాయంత్రం ఏడ్చే పిల్లను చూసి ‘బైపోలార్’ అనేయడం ఇప్పుడు అలవాటైపోయింది. అసలు జబ్బులో మనసు అతిగా ఎగసిపడే దశ, కుంగిపోయే దశ మారిమారి వస్తాయి, అవి గంటల లెక్కన నడవవు. మేనియా (అతి ఉద్వేగ దశ) అనాలంటే కనీసం వారం రోజులు, దాని తేలిక రూపమైన హైపోమేనియా అనాలంటే కనీసం నాలుగు రోజులు, మనిషి తన మామూలు తీరుకు స్పష్టంగా భిన్నంగా ఉండాలి. దశ అనే మాటకే ఇక్కడ విలువ. ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ వైద్యుడు 1899లో మేనియానూ కుంగుబాటునూ ఒకే జబ్బు కింద చేర్చినప్పుడు ఆయన ఆధారపడింది కూడా ఈ రాకపోకల మీదనే. వచ్చి, కొంతకాలం ఉండి, తగ్గి, మళ్లీ వచ్చే స్వభావం. కుంగుబాటు మాత్రమే వచ్చేవారిని, రెండు దశలూ వచ్చేవారిని విడదీసి చూడాలని 1957లో కార్ల్ లియోన్‌హార్డ్ వాదించాడు. బైపోలార్ అనే పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలోకి ఎక్కింది.

మేనియాను పట్టిచ్చే గుర్తుల్లో అన్నిటికన్నా నమ్మదగినది నిద్ర. కుంగుబాటులో నిద్ర పట్టక మర్నాడు వాడిపోయిన ముఖంతో వస్తారు. మేనియాలో మూడు గంటలు పడుకుని మర్నాడు అలసటన్నదే లేకుండా వస్తారు. నిద్ర అవసరమే తగ్గిపోతుంది. మాట వేగం పెరుగుతుంది, ఒక మాట పూర్తి కాకుండా మరోదానికి దూకుతుంది. నిశ్శబ్దంగా ఉండే అబ్బాయి ఒక్క వారంలో మూడు పోటీలకు పేరిచ్చి, నాటకం రాస్తానని చెప్పి, పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడిని తప్పు పట్టి, రాత్రి రెండు గంటలకు తరగతి వాట్సాప్ గ్రూపులో యాభై సందేశాలు పెడతాడు. మొదటి రెండు మూడు రోజులు బడి సంతోషిస్తుంది కూడా: ‘ఇన్నాళ్లకు చురుకు వచ్చింది!’ చిరాకు, పోట్లాటలు, చేతిలో డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టడం, వయసుకు తగని మాటలు, ప్రమాదకరమైన సాహసాలు ఆ తర్వాత వస్తాయి.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. బైపోలార్ ఉన్నవారు ఎక్కువ కాలం గడిపేది ఆ ఎగసిపడే దశలో కాదు. తీవ్ర రకం బైపోలార్ ఉన్న 146 మందిని సగటున పన్నెండేళ్లకు పైగా వారం వారం గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. వారు కుంగుబాటు లక్షణాలతో గడిపిన వారాలు సుమారు 32 శాతం, మేనియా లక్షణాలతో గడిపినవి 9 శాతం. అది పెద్దవారి మీద జరిగిన అధ్యయనమే అయినా బడులు గుర్తుంచుకోవలసిన లెక్క. బైపోలార్ ఉన్న విద్యార్థి తరగతిలో ఎక్కువ రోజులు నిశ్శబ్దంగా, నిస్సత్తువగా ఉంటుంది. అల్లరి చేయడం లేదు కాబట్టి బాగుందనుకుని ఆమెను వదిలేస్తారు.

ఇటువైపు పొరపాటు ఉన్నట్టే అటువైపూ ఉంది. అమెరికాలో పిల్లలకు, టీనేజీవారికి బైపోలార్ అని నిర్ధారించిన వైద్య సందర్శనలు 1994-95తో పోలిస్తే 2002-03 నాటికి సుమారు 40 రెట్లు పెరిగాయి. ఎప్పుడూ చిరాకుగా ఉండి, మాటిమాటికీ కోపంతో పేలిపోయే పిల్లలకు కూడా అదే పేరు పెట్టడం ఇందుకు ఒక కారణం. అలాంటి పిల్లల కోసం 2013లో వేరే నిర్ధారణను ఏర్పాటు చేశారు. ఎందుకంటే ఆ చిరాకు దశలుగా వచ్చిపోయేది కాదు, పెద్దయ్యాక వారిలో ఎక్కువగా కనిపించినవి కుంగుబాటు, ఆందోళన.

మొదటి నిర్ధారణ మారవచ్చు

బైపోలార్ చాలామందిలో కుంగుబాటుతోనే మొదలవుతుంది. పదిహేనేళ్ల పిల్లకు తొలిసారి కుంగుబాటు వచ్చినప్పుడు అది ఒంటరిగా వచ్చిందా, రెండేళ్ల తర్వాత రాబోయే మేనియాకు ముందుభాగమా అని ఏ రక్తపరీక్షా చెప్పదు, ఏ స్కానూ చూపదు. డాక్టరు దగ్గర ఉన్న ఆధారాలు కుటుంబ చరిత్ర, గడిచిన కాలపు వివరాలు. ఆ వివరాల్లో సగం బడి దగ్గరే ఉంటాయి.

ఈ తేడాకు చికిత్సలో చాలా ప్రాధాన్యం ఉంది. బైపోలార్ ఉన్నవారికి కుంగుబాటు మందులు మాత్రమే ఇస్తే కొందరిలో అవి మేనియాను రేపవచ్చు. ఇంకో విషయం, 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుంగుబాటు మందుల పెట్టెల మీద పిల్లల విషయంలో తీవ్ర హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. ఆ ఆదేశానికి ఆధారమైన పరీక్షల్లో, ఆత్మహత్య ఆలోచనలు గానీ ప్రయత్నాలు గానీ మందు తీసుకున్నవారిలో సుమారు 4 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 2 శాతం మందికి కనిపించాయి. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. ఈ హెచ్చరికను చదివి ‘మందులు వద్దు’ అనుకోవడం పొరపాటు. మందు మొదలైన తొలి వారాల్లో, మోతాదు మారినప్పుడు దగ్గరగా కనిపెట్టి ఉండమని దాని అర్థం. మందు వల్ల మేలూ గట్టిగానే రుజువైంది. 439 మంది టీనేజీవారి మీద జరిగిన పరీక్ష ఫలితాలు అదే 2004లో వచ్చాయి. ఫ్లూయోక్సెటీన్ అనే కుంగుబాటు మందూ, ఆలోచనా విధానాన్ని సరిదిద్దే మాటల చికిత్సా కలిపి తీసుకున్నవారిలో 71 శాతం మంది పన్నెండు వారాల్లో బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఆ సంఖ్య 35 శాతం.

రోజుకు ఆరేడు గంటలు ఆ పిల్ల ఉండేది బడిలోనే కాబట్టి కనిపెట్టి ఉండే పనిలో ఉపాధ్యాయులకు వాటా ఉంది. ఎలా రాసి పెట్టాలో తెలిస్తే చాలు. ‘ఈ వారం మేనియాలో ఉంది’ అని రాయవద్దు, అది డాక్టరు చెప్పాల్సిన మాట. ‘సోమవారం నుంచి ప్రతి పీరియడులో పదిసార్లకు పైగా లేచి మాట్లాడింది, రాత్రి నిద్రపోలేదని తనే చెప్పింది, గురువారం ఇద్దరు స్నేహితులతో గొడవపడింది’ అని రాస్తే ఆ మూడు ముక్కలు వైద్యుడికి ఎంతో విలువైనవి. తల్లిదండ్రుల అనుమతితో అలాంటి చీటీ నెలకొకటి వెళ్లినా మంచిదే.

పలకరింపు

‘నీకేమైంది? ఇలా అయితే ఎలా?’ అనే ప్రశ్నకు జవాబు ఉండదు. చూసింది చెప్పి, అక్కడ ఆగితే పిల్లలు నోరు విప్పే అవకాశం ఎక్కువ: ‘రెండు వారాలుగా భోజనం వేళ ఒక్కదానివే కూర్చుంటున్నావు. ఏదైనా ఇబ్బందిగా ఉందేమో అనిపించింది.’ ఆమె ‘ఏం లేదు టీచర్, బాగానే ఉన్నాను’ అంటుంది. దాదాపు అందరూ మొదటిసారి అదే అంటారు. ‘సరే. వచ్చే వారం మళ్లీ అడుగుతాను, విసుక్కోకు’ అని చెప్పి, నిజంగానే మళ్లీ అడగాలి. నా దృష్టిలో పిల్లలు నిర్ణయం తీసుకునేది ఆ రెండోసారే.

బాకీ పెరగకుండా

ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక దీర్ఘకాలిక మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. చదువులో అలాంటివారికి తగిన సర్దుబాట్లు చేయడం హక్కుగా గుర్తించింది. కాబట్టి బడి చేసే సర్దుబాటు దయ కాదు. అయితే ఏ సర్దుబాటు ఎప్పుడు అన్నది ఆలోచించి చేయాల్సిన పని. కళ్లజోడు ఉన్న పిల్లకు ముందు బెంచీ ఇస్తే ఏడాదంతా సరిపోతుంది. వచ్చిపోయే జబ్బుకు ఏడాదంతా ఒకే ఏర్పాటు పనికిరాదు. బాగున్న రోజుల్లో అది చిన్నతనం అనిపిస్తుంది, బాగాలేని రోజుల్లో చాలదు.

అందుకే ప్రణాళికను పిల్ల బాగున్న రోజుల్లో, ఆమెనే కూర్చోబెట్టుకుని రాయాలి. మామూలుగా ఉన్నప్పుడు ఏమిటి, మనసు దిగజారుతున్నప్పుడు ఏమిటి, ఎగసిపోతున్నప్పుడు ఏమిటి అని మూడు భాగాలుగా. దిగజారుతున్న గుర్తులేవో ఆ పిల్లకే బాగా తెలుసు. ‘జడ వేసుకోవడం మానేస్తాను’ అని ఒకరు చెప్పవచ్చు, ‘ఫోనులో పాటలు వినను’ అని మరొకరు చెప్పవచ్చు. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని సమాచారం అది.

కుంగుబాటు రోజుల్లో పని పరిమాణం తగ్గించాలి, స్థాయి తగ్గించకూడదు. ఇరవై లెక్కలకు బదులు ఐదు ఇవ్వండి, కానీ అవి అదే తరగతి లెక్కలు కావాలి. కింది తరగతి లెక్కలిస్తే ‘నాకిక ఇంతే’ అన్న ఆమె నమ్మకానికి మనమే సాక్ష్యం చెప్పినట్టు. వ్యాసానికి మొదటి వాక్యం పక్కన కూర్చుని కలిసి రాయండి. ఐచ్ఛిక ప్రశ్నల్లో ఏవి రాయాలో మీరే గుర్తు పెట్టి ఇవ్వండి. గడువు పొడిగిస్తే కొత్త తేదీ కూడా చెప్పండి, ఎందుకంటే తేదీ లేని గడువు మరో బాకీ. తప్పిన పనంతా తిరిగి చేయించాలన్న పట్టుదల అక్కరలేదు. ముందుకు వెళ్లడానికి తప్పనిసరైనవి ఏవో సబ్జెక్టు ఉపాధ్యాయులు తేల్చి, మిగిలినవి రద్దు చేసి, రద్దు చేశామని ఆ పిల్లకు స్పష్టంగా చెప్పాలి. ఈ ఒక్క మాట విని పిల్లలు తేలికపడటం చూస్తే చాలు, దాని విలువ తెలుస్తుంది.

పూర్తి మినహాయింపును మాత్రం నేను సమర్థించను. ‘పాపం, ఏమీ చేయొద్దులే’ అనడంలో ప్రేమ ఉంది కానీ కుంగుబాటు పెరిగేది ఖాళీ సమయంలోనే. పని మానితే సంతోషపడే అవకాశాలు తగ్గుతాయి, అవి తగ్గితే మనసు ఇంకా కుంగుతుంది, కుంగితే ఇంకా మానేస్తారు. ఈ వలయాన్ని తెంపడానికి చిన్న చిన్న పనులతో మనిషిని కదిలించడం ఒక గుర్తింపు పొందిన చికిత్సా పద్ధతి. బడి చేయగలిగింది ఆ పనులను అందే ఎత్తులో ఉంచడం. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడంలో సాయం, మైదానం చుట్టూ ఒక స్నేహితురాలితో నడక, రోజుకు ఒక్క పీరియడైనా హాజరు.

పొద్దున్నే రాలేకపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. యవ్వనంలో శరీరపు గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది. మామూలు పిల్లలకే ఇది సమస్య కాబట్టి పై తరగతుల బడులు ఉదయం 8.30కు ముందు మొదలుకాకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో సూచించింది. కుంగుబాటులో చాలామందికి ఉదయమే అన్నిటికన్నా గడ్డుకాలం, దానిపైన రాత్రి వేసుకున్న మందు మత్తు. మొదటి పీరియడుకు రాలేదని గేటు బయట నిలబెడితే రెండో పీరియడుకు వచ్చే పిల్ల ఆ రోజంతా రాకుండా పోతుంది. ముఖ్యమైన పరీక్షను పదకొండు గంటలకు పెట్టడం కష్టమైన పనేమీ కాదు.

బైపోలార్ ఉన్నవారి విషయంలో నిద్రను మందుతో సమానంగా చూడాలి, ఎందుకంటే నిద్ర తప్పడమే మేనియాను రేపవచ్చు. రాత్రంతా మేలుకుని చదవాల్సి వచ్చే పరీక్షల వరస, వార్షికోత్సవానికి అర్ధరాత్రి దాకా రిహార్సళ్లు, నిద్ర ఉండని విహారయాత్ర... ఇవి ఆ పిల్లకు మిగతావారికన్నా ప్రమాదం. తీసుకెళ్లవద్దని నా ఉద్దేశం కాదు. పదింటికి దీపం ఆర్పే గది ఒకటి ఏర్పాటు చేసి తీసుకెళ్లాలి.

మందుల సంగతీ బడికి కొంత తెలియాలి. మేనియాకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. ఇప్పటికీ అది ప్రధాన మందుల్లో ఒకటి. అది వేసుకునేవారికి దాహం ఎక్కువ, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాలి, చేతులు సన్నగా వణకవచ్చు. నీళ్లసీసా బెంచీ మీద ఉండనివ్వడం, అడగకుండా బయటికి వెళ్లనివ్వడం ఇక్కడ ఆరోగ్య అవసరాలు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పాళ్లు ప్రమాదకరంగా పెరగవచ్చు కాబట్టి ఎండలో ఆటల పోటీ రోజున మరింత జాగ్రత్త పడాలి. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా ఆ పాళ్లను పెంచుతాయి, అందువల్ల తలనొప్పి అంటే బడిలో ఏదో ఒక మాత్ర చేతిలో పెట్టకూడదు. బైపోలార్‌కు వాడే క్వెటియాపిన్, ఓలాంజపిన్ లాంటి మందులతో మగత వస్తుంది, బరువు పెరుగుతారు. మూడు నెలల్లో లావైన పిల్లను తోటివారు వెక్కిరిస్తే ఆమె మొదట మానేసేది ఆ మందునే. వెక్కిరింతలను ఆపడం కూడా చికిత్సకు సాయమే.

ఎగసిపడిన రోజున

మేనియా మొదలైందన్న అనుమానం వచ్చిన రోజున వాదనకు దిగవద్దు. ఆ మనసుకు తన తప్పు కనిపించదు, మనం ఎంత తర్కం చెప్పినా అది మంటకు గాలి అవుతుంది. చిన్న వాక్యాలు, తగ్గిన గొంతు, జనం తక్కువ ఉన్న గది, వెంటనే ఇంటికి ఫోను. క్రమశిక్షణ చర్యల గురించి ఆ రోజు నిర్ణయించకండి. జబ్బు దశలో అన్న మాటకు, చేసిన పనికి బాగున్న రోజుల్లో చేసిన దానితో సమానంగా శిక్ష వేయడం న్యాయం కాదు. పాడైన దాన్ని సరిచేసే బాధ్యత మాత్రం కోలుకున్నాక ఆ పిల్ల తీసుకోవచ్చు, చాలామంది తీసుకోవాలనే అనుకుంటారు.

తర్వాత వచ్చే సిగ్గు గురించి ఎవరూ మాట్లాడరు. మేనియా తగ్గాక ఆ రోజుల్లో చేసినవన్నీ గుర్తుకొస్తాయి. ఫోనులో ఎవరో తీసిన వీడియో అప్పటికి తరగతంతా తిరిగి ఉంటుంది. అందుకే ఆ రోజున ఉపాధ్యాయులు చేయగల గొప్ప ఉపకారం ప్రేక్షకులను తగ్గించడం. ఫోన్లు లోపల పెట్టించడం, తరగతిని మరో పనిలోకి మళ్లించడం, ఆ పిల్లను గౌరవంగా బయటికి తీసుకెళ్లడం.

అడగడానికి భయపడే ప్రశ్న

రెండు జబ్బుల్లోనూ ఆత్మహత్య ముప్పు ఉంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అన్న భయంతో చాలామంది పెద్దలు అడగరు. ఈ భయాన్ని నేరుగా పరీక్షించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులతో జరిగిన ఆ పరిశోధన 2005లో ప్రచురితమైంది. ఆత్మహత్య గురించి అడిగిన విద్యార్థుల్లో అడగనివారికన్నా బాధ గానీ, ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటుతో ఉన్నవారికి, గతంలో ప్రయత్నం చేసినవారికి అడగడం వల్ల కాస్త ఊరట కలిగిన సూచనలే కనిపించాయి.

కాబట్టి అడగాలి, చుట్టుతిప్పకుండా: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ వస్తోందంటే ఉపన్యాసం ఇవ్వకూడదు, తల్లిదండ్రుల గురించి ఆలోచించమని నేరభావం పెంచకూడదు. చెప్పినందుకు మెచ్చుకుని, ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా, ఇంటివారు గానీ వైద్య సిబ్బంది గానీ వచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి టీచర్’ అని అడిగితే ఆ మాట ఇవ్వకూడదు. ‘నీ ప్రాణానికి సంబంధించినది దాచలేను. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో నీతో మాట్లాడే చేస్తాను’ అనవచ్చు. రేపు చూద్దాం అనే వెసులుబాటు ఇక్కడ లేదు.

తరగతంతటికీ ఒకే పాఠం చెబితే?

మానసిక ఆరోగ్యం మీద అందరికీ కలిపి కార్యక్రమాలు పెట్టడం బడులకు సులువు. వాటి ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. ఐరోపాలోని పది దేశాల్లో 11,110 మంది విద్యార్థులతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. మానసిక సమస్యల గురించి విద్యార్థులే మాట్లాడుకుని, నటించి నేర్చుకున్న తరగతుల వల్ల ఏడాదిలో ఆత్మహత్య ప్రయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. అదే అధ్యయనంలో ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బ్రిటన్‌లో 85 బడుల్లో, ఎనిమిది వేలకు పైగా విద్యార్థులతో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే మనసు నిలిపే సాధన) పాఠాలను పరీక్షించి 2022లో ఫలితాలు చెప్పారు. మామూలు పాఠాలకన్నా అవి మెరుగేమీ కాలేదు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాను: పిల్లలను కూర్చోబెట్టి చెప్పేదానికన్నా వారి చేత మాట్లాడించేది పనిచేస్తుంది. ఇప్పటికే జబ్బుపడిన పిల్లకు మాత్రం ఏ సామూహిక పాఠమూ ఆమె సొంత ప్రణాళికకు బదులు కాదు.

ఎవరికి ఎంత, తిరిగి వచ్చే రోజు

జబ్బు పేరు అందరు ఉపాధ్యాయులకూ తెలియనక్కరలేదు. ఏం చేయాలో తెలిస్తే చాలు. వ్యాయామ ఉపాధ్యాయుడికి ‘ఎండలో ఎక్కువసేపు ఉంచవద్దు, నీళ్లు తాగనివ్వండి’ అని తెలియాలి. పరీక్షల బాధ్యుడికి ఏ సమయంలో పరీక్ష పెట్టాలో తెలియాలి. మొత్తం తెలిసినవారు ఒకరిద్దరే ఉండాలి, వారెవరన్నది ఆ విద్యార్థే ఎంచుకోవాలి. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పెంపకం ప్రస్తావన వద్దు. బైపోలార్‌లో జన్యువుల పాత్ర చాలా ఎక్కువని కవలల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. నేరం మోపబడుతున్నామని భయపడిన తల్లిదండ్రులు జబ్బును బడికి చెప్పకుండా దాస్తారు, అప్పుడు అందరూ చీకట్లోనే ఉంటారు.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చే వారం అన్నిటికన్నా సున్నితమైనది. ఆసుపత్రి వదిలిన తొలి రోజుల్లో ఆత్మహత్య ముప్పు మామూలు కన్నా ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి ఆమె రాకముందే ఒకరు ఇంటికి ఫోను చేసి కొన్ని విషయాలు తేల్చుకోవాలి. మొదటి వారం సగం పూట వస్తుందా, ఎవరి పక్కన కూర్చుంటుంది, ఊపిరాడనట్టు అనిపిస్తే ఏ గదికి వెళ్లాలి, అక్కడ ఎవరుంటారు. అన్నిటికన్నా పిల్లలు భయపడేది తోటివారి ప్రశ్నకు: ‘ఇన్నాళ్లు ఎక్కడికి వెళ్లావు?’ దానికి ఆమె నోటికి సులువుగా వచ్చే ఒక జవాబు ముందే కలిసి తయారుచేసుకోవచ్చు. ‘ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు పరవాలేదు. నోట్సు ఇస్తావా?’ అంటే సరిపోతుంది. చివర ఉన్న ఆ ప్రశ్న కావాలనే పెట్టింది, అడిగినవారు నోట్సు కోసం సంచీలో చెయ్యి పెడతారు, మాట అక్కడి నుంచి పాఠం మీదికి వెళుతుంది.